ఫాస్టింగ్ 115, హెచ్‌బీఏ1సీ 7.9: షుగర్ లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఉదయం లేవగానే వేలు గుచ్చుకుని చూస్తే 112. మర్నాడు 118. ఆ పైరోజు 115. ఫోన్‌లోని యాప్ ప్రతి అంకె పక్కనా ఆకుపచ్చ చుక్క పెడుతూ పోతుంది. మూడు నెలలు ఇలా హాయిగా గడిచాక ల్యాబ్‌లో హెచ్‌బీఏ1సీ చేయిస్తే 7.9 వస్తుంది. ఇక ఇంట్లో వాదన మొదలు. మీటర్ పాడైందని ఒకరు, ల్యాబ్‌వాళ్లు శాంపిళ్లు తారుమారు చేశారని ఒకరు, చాటుగా స్వీట్లు తింటున్నారని ఇంకొకరు. చాలాసార్లు ఇందులో ఎవరి తప్పూ ఉండదు. మీటర్ అడిగినదానికి జవాబు చెప్పింది, ల్యాబూ అడిగినదానికి జవాబు చెప్పింది. అడిగిన ప్రశ్నలే వేరు.

హెచ్‌బీఏ1సీ అంటే ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌లో ఎంత శాతానికి చక్కెర అంటుకుని ఉందో చెప్పే పరీక్ష. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. అన్నాళ్లూ అది రక్తంలో తిరుగుతూనే ఉంటుంది కాబట్టి పగలూ రాత్రీ, తిన్నప్పుడూ పరగడుపునా ఎదురైన చక్కెర ప్రభావమంతా దాని మీద పడుతుంది. అందులోనూ ఇటీవలి నెల రోజుల వాటా దాదాపు సగం. ఈ శాతాన్ని మీటర్ అంకెగా మార్చే సూత్రం 2008లో వచ్చింది: 28.7తో గుణించి 46.7 తీసేయాలి. 7.9కి ఆ లెక్క కడితే 180 వస్తుంది. అంటే రోజంతా కలిపి సగటు 180. ఉదయం ఏడింటికి 115 ఉన్న మనిషికి సగటు 180 రావాలంటే మిగతా వేళల్లో ఎక్కడో 220, 240 ఉండి తీరాలి. ఆ వేళల్లో ఎవరూ వేలు గుచ్చుకోలేదు కాబట్టి ఆ సంగతి యాప్‌కు తెలిసే దారి లేదు.

ఏ యాప్ మంచిది, ఎక్సెల్ మేలా గూగుల్ షీట్ మేలా అని అడిగేవాళ్లు చాలామంది. నన్నడిగితే ఆ ప్రశ్నకు రెండో స్థానమే ఇస్తాను. ఏ వేళ చూశాం, దేనితో పోల్చడానికి చూశాం అన్నది ముందు తేలాలి. అది తేలితే రూళ్ల నోట్‌బుక్ కూడా పనిచేస్తుంది. తేలకపోతే నెలకు వందలు కట్టి తీసుకున్న యాప్ కూడా రంగుల బొమ్మలు చూపించి ఊరుకుంటుంది.

ల్యాబ్ అంకె మాత్రం శిలాశాసనమా అంటే అదీ కాదు. ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. రక్తం ఎక్కించుకున్నవాళ్లలో, ఎర్రకణాలు త్వరగా నశించే జబ్బులున్నవాళ్లలో తక్కువ చూపించవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి ఇంట్లో ఆడవాళ్ల విషయంలో మీటరూ ల్యాబూ బొత్తిగా పొంతన లేకుండా ఉంటే, ఇద్దరిలో ఒకరిని అబద్ధాలకోరని తేల్చే ముందు హిమోగ్లోబిన్ ఎంతుందో చూడాలి.

అంకెకు అటూ ఇటూ

ఇంట్లో వాడే గ్లూకోమీటర్లకు 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. షుగర్ 100, ఆపైన ఉన్నప్పుడు నూటికి 95 రీడింగులు అసలు విలువకు 15 శాతం లోపు తేడాతో ఉండాలి. 100 కంటే తక్కువ ఉన్నప్పుడు 15 పాయింట్ల లోపు ఉండాలి. అంటే అసలు షుగర్ 160 అయితే మీటర్ 136 చూపించినా, 184 చూపించినా అది పాసైనట్టే. ఒకే చుక్కను రెండు స్ట్రిప్‌ల మీద పెట్టి 152, 167 వచ్చాయని కంగారుపడి మీటర్ మార్చేసేవాళ్లున్నారు. ఆ రెండూ గీత లోపలే ఉన్నాయి.

ఇది తెలిస్తే చాలా వంటింటి తీర్మానాలు వాటంతట అవే రద్దవుతాయి. ‘నిన్న బియ్యం అన్నం తింటే 175, ఇవాళ కొర్రన్నం తింటే 160, కొర్రలు దించేశాయి’ అనడానికి లేదు. ఆ పదిహేను మీటర్ ఊగిసలాటలోనే పోతుంది. అదే భోజనానికి అదే వేళలో మూడు నాలుగు సార్లు చూసి, ప్రతిసారీ తేడా ఒకే వైపు వస్తుంటే అప్పుడు నమ్మవచ్చు.

మీటర్ తప్పు కాని తప్పులూ ఉంటాయి. మామిడిపండు కోసి, చేతులు తుడుచుకుని వేలు గుచ్చుకుంటే ఆ రసం స్ట్రిప్ మీదికీ వస్తుంది. జపాన్‌లో 2011లో పండ్లు ఒలిపించి చేసిన ప్రయోగంలో స్పిరిట్ దూదితో తుడిచినా రీడింగు తప్పుగా ఎక్కువే వచ్చింది, నీళ్లతో కడుక్కున్నాకే సరైంది. స్ట్రిప్‌ల డబ్బా మీద సాధారణంగా 30 డిగ్రీల లోపు ఉంచమని రాసి ఉంటుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో కిటికీ పక్కన పెట్టిన డబ్బా ఆ గీత ఎప్పుడో దాటేసి ఉంటుంది. ఇంకొకటి: పరగడుపున వేలి రక్తానికీ నరంలోంచి తీసిన రక్తానికీ పెద్ద తేడా ఉండదు కానీ, భోజనం చేశాక వేలి కొసన చక్కెర ఎక్కువగానే ఉంటుంది. కాబట్టి తిన్నాక ల్యాబ్‌లో ఇచ్చిన అంకెతో ఇంటి మీటర్‌ను తూచకూడదు. తూచాలనుకుంటే పరగడుపున తూచాలి.

ఎక్కువసార్లు చూస్తే షుగర్ తగ్గుతుందా?

ఇంట్లో కూర్చుని సొంతంగా షుగర్ చూసుకోవడం మొదలై ఎన్నో ఏళ్లు కాలేదు. 1970 ప్రాంతంలో అమెరికాలో వచ్చిన తొలి మీటర్ కిలోకు పైగా బరువు, ధర 650 డాలర్లు, అమ్మేది డాక్టర్లకూ ఆస్పత్రులకే. రిచర్డ్ బెర్న్‌స్టయిన్ అనే ఇంజినీరు చిన్నప్పటి నుంచి టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాని రకం) ఉన్నవాడు. భార్య డాక్టర్ కావడంతో ఆమె పేరు మీద ఒకటి తెప్పించుకుని, రోజుకు పలుమార్లు చూసుకుంటూ ఏం తింటే ఎంత పెరుగుతోంది, ఎంత ఇన్సులిన్‌కు ఎంత దిగుతోంది అని ఇంజినీరు బుర్రతో లెక్క కట్టాడు. ఆ లెక్కలను వైద్య పత్రికలు పట్టించుకోలేదు. నలభై దాటాక మెడికల్ కాలేజీలో చేరి తనే డాక్టరయ్యాడు. షుగర్‌ను గట్టిగా అదుపులో పెడితే కళ్లూ కిడ్నీలూ నరాలూ దెబ్బతినడం తగ్గుతుందని టైప్ 1 రోగుల మీద జరిగిన పెద్ద అధ్యయనం 1993లో రుజువు చేసింది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఇంట్లో చూసుకోవాలా వద్దా అన్న చర్చకు ఆ తర్వాత తావు లేదు.

మరి మాత్రలతో నడిచే టైప్ 2 వాళ్ల సంగతి? మన ఇళ్లలో ఎక్కువమంది వీళ్లే. ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. వీళ్ల విషయంలో రుజువులు కాస్త ఇబ్బంది పెట్టేవే. 2017లో అమెరికాలోని నార్త్ కరొలైనాలో ఇన్సులిన్ వాడని 450 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు ఇంట్లో చూసుకోలేదు. రెండోది రోజుకోసారి చూసుకుంది. మూడోది రోజుకోసారి చూసుకోవడమే కాక, ప్రతి రీడింగుకూ మీటర్ నుంచి సలహా సందేశం అందుకుంది. ఏడాది తిరిగేసరికి మూడు గుంపుల హెచ్‌బీఏ1సీలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ‘శభాష్, ఇలాగే కొనసాగించండి’ అని యాప్ పంపే సందేశాల గురించి గొప్పలు విన్నప్పుడల్లా నాకు ఆ మూడో గుంపే గుర్తొస్తుంది.

అయితే 2011లో వెలువడిన ఇంకో అమెరికా అధ్యయనం వేరే కథ చెబుతుంది. అదుపు తప్పి ఉన్న, ఇన్సులిన్ మొదలుపెట్టని 483 మంది టైప్ 2 రోగుల్లో ఒక గుంపుకు ఒక కాగితం ఇచ్చారు. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు వరసగా మూడు రోజులు, రోజుకు ఏడుసార్లు చూసుకోవాలి: మూడు పూటలా తినే ముందూ తిన్నాకా, పడుకునే ముందు ఒకసారి. ఏం తిన్నారో, ఒంట్లో ఎలా ఉందో కూడా రాయాలి. డాక్టర్లకు ఆ కాగితం చదవడం నేర్పారు. ఏడాదికి ఆ గుంపులో హెచ్‌బీఏ1సీ సగటున 1.2 తగ్గితే, మామూలు వైద్యం పొందినవాళ్లలో 0.9 తగ్గింది. తేడా మరీ పెద్దది కాదు, కానీ అది కాగితం మీద గీసిన గళ్లతో వచ్చింది. గళ్ల వెనక ప్రశ్న ఉంది, చూశాక మందు మార్చే మనిషి ఉన్నాడు. రోజూ ఉదయం ఒక్క ఫాస్టింగ్ చూసి యాప్‌లో కొట్టి మూసేయడంలో లేనివి ఆ రెండే.

పద్నాలుగు స్ట్రిప్‌ల షీటు

సరే, షీటు ఎలా ఉండాలి? స్ట్రిప్ ఒకటి ఇరవై రూపాయల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి రోజుకు ఏడుసార్లు అందరికీ కుదరదు. అంతకంటే పొదుపైన పద్ధతి జంటగా చూడటం. రోజుకు ఒక భోజనం ఎంచుకుని, తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన రెండు గంటలకు ఒకసారి. మర్నాడు ఇంకో పూట. వారానికి పద్నాలుగు స్ట్రిప్‌లు. షీటులో గడులు ఇన్ని చాలు: తేదీ, పూట, ముందు, తర్వాత, తేడా, ఏం తిన్నారు, ఇంకేమైనా. తేడా గడిలో తీసివేత సూత్రం ఒకసారి రాసి కిందికి లాగితే సరిపోతుంది.

ఒక వారం ఇలా ఉందనుకుందాం. అంకెలు నేను కల్పించినవే కానీ ఇలాంటి వరసలు అరుదేం కాదు. సోమవారం ఉదయం నాలుగు ఇడ్లీ, కొబ్బరి చట్నీ: ముందు 118, తర్వాత 196. మంగళవారం మధ్యాహ్నం కప్పు అన్నం, పప్పు, బీరకాయ కూర: 142, 171. బుధవారం రాత్రి పావుతక్కువ పదికి అన్నం, పులుసు, పెరుగన్నం, ఓ అరటిపండు: 150, 248. గురువారం ఉదయం రెండు పెసరట్లు: 121, 158. శుక్రవారం మధ్యాహ్నం: 136, 180. శనివారం మళ్లీ ఆలస్యంగా రాత్రి భోజనం: 147, 239. ఆదివారం ఇడ్లీ: 115, 189.

యాప్‌లు మొదటి తెరమీదే చూపించే సగటు ఈ పద్నాలుగింటికీ కడితే 165. ఆ అంకెతో ఏం చేయాలో డాక్టర్‌కూ తెలియదు, మనకూ తెలియదు. తేడా గడి చూడండి: 78, 29, 98, 37, 44, 92, 74. ఒక్కసారిగా బొమ్మ కనిపిస్తుంది. మధ్యాహ్నం పూట పెద్ద గొడవ లేదు. ఇడ్లీకి రెండుసార్లూ డెబ్భై దాటి పెరిగింది, పెసరట్టుకు సగమే. అసలు కొండ రాత్రి పూట ఉంది. రాత్రి పన్నెండుకు రెండు వందలు దాటి ఉన్నదే తెల్లారేసరికి 115, 120కి దిగి, ఫాస్టింగ్‌లో ఏమీ ఎరగనట్టు కూర్చుంటోంది. పెసరట్టు ఒకసారే చూశారు కాబట్టి ఆ తీర్పు వాయిదా. రాత్రి భోజనం రెండుసార్లూ ఒకే మాట చెప్పింది, తేడా కూడా మీటర్ ఊగిసలాటను దాటి ఉంది. వచ్చే వారం ప్రశ్న దానంతటదే తయారైంది: అదే భోజనం ఎనిమిదింటికే ముగిస్తే ఏమవుతుంది? అన్నం తగ్గించి కూర పెంచితే? రెండూ ఒకేసారి మార్చకూడదు, మారిస్తే దేనివల్ల తగ్గిందో తేలదు.

‘ఇంకేమైనా’ అన్న గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. నా ఉద్దేశంలో షీటు మొత్తంలో ఖరీదైన గడి అదే. జలుబుకు వాడిన మందు, మోకాలి నొప్పికి వేయించుకున్న స్టిరాయిడ్ ఇంజెక్షన్, నిద్రలేని రాత్రి, పెళ్లి భోజనం, మర్చిపోయిన మాత్ర, శివరాత్రి ఉపవాసం. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని ఉపవాసం ఉంటే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. ఆ రోజు 62 అని మాత్రమే రాసి ఉంటే మూడు నెలల తర్వాత అది అంతుపట్టని అంకె. పక్కన ‘ఏకాదశి, మాత్ర వేసుకున్నా, మధ్యాహ్నం దాకా ఏం తినలేదు’ అని ఉంటే డాక్టర్ క్షణంలో విషయం పట్టేస్తారు. చాలా యాప్‌లలో ఈ మాటలు రాసే చోటు రెండు తెరల లోపల దాగి ఉంటుంది. తెలుగులో కొట్టాలంటే మరీ ఓపిక కావాలి. షీటుకు ఉన్న పెద్ద బలం ఇదే, ఆ గడిని ఎంత వెడల్పు కావాలంటే అంత చేసుకోవచ్చు.

షీటుకు ఉచ్చులూ ఉన్నాయి. షుగర్ బాగా పెరిగితే, చాలా మీటర్లలో 600 దాటితే, తెర మీద అంకె బదులు ‘హై’ అన్న మాట వస్తుంది. బాగా పడిపోతే ‘లో’. ఆ మాటను ఉన్నదున్నట్టు గడిలో రాస్తే, సగటు కట్టే సూత్రం దాన్ని అంకె కాదని వదిలేస్తుంది. అంటే ఆ నెలలో అన్నిటికంటే ప్రమాదకరమైన రీడింగు సగటులోంచి మాయమై, నెల బాగా గడిచినట్టు కనిపిస్తుంది. దీనికి తిరగబడ్డ తప్పు, చూడని రోజున సున్నా వేయడం. సున్నాను సూత్రం నిజమైన షుగర్‌గానే లెక్కేసి సగటును పాతాళానికి లాగుతుంది. చూడకపోతే గడి ఖాళీగానే ఉండాలి.

పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లలో ఇంకో రకం చిక్కు. డాలస్‌లో ఉన్న కొడుకు గూగుల్ షీట్ తయారుచేసి, ఫారం లింకు గుంటూరులో ఉన్న నాన్నకు వాట్సాప్‌లో పంపిస్తాడు. ఫారం నింపిన వేళను షీటు తనే వేసుకుంటుంది కానీ, అది షీటు సెట్టింగుల్లో ఉన్న టైమ్ జోన్ ప్రకారం వేస్తుంది. అది అమెరికా సమయమైతే నాన్న ఉదయం ఏడింటికి చూసుకున్న ఫాస్టింగ్ ముందురోజు రాత్రి భోజనం వేళకు పడుతుంది. తేదీల్లోనూ అంతే. అక్కడ నెల ముందు, ఇక్కడ రోజు ముందు. 05/06 అంటే మే ఆరో, జూన్ ఐదో షీటు తన ఇష్టప్రకారం నిర్ణయిస్తుంది. సెట్టింగుల్లో టైమ్ జోన్, దేశం రెండూ ఇండియాకు మారిస్తే రెండు తలనొప్పులూ పోతాయి. ఇక కూతురు లండన్‌లోనో సిడ్నీలోనో ఉంటే కొలతే వేరు: మన మీటర్లది mg/dL, అక్కడివి mmol/L. అక్కడి మీటర్ మన 140ని 7.8 అంటుంది, మన అంకెను 18తో భాగించాలి. లండన్‌లో హెచ్‌బీఏ1సీ కూడా శాతంలో చెప్పరు, మన 7 అక్కడ 53. అమ్మ అక్కడికి వెళ్లి ఆరు నెలలుండి అక్కడి మీటర్‌తో వస్తే, ఒకే వరసలో 7.8, 142, 8.1, 150 పక్కపక్కన కూర్చుంటాయి. కొలత ఏదో చెప్పే గడి ఒకటి అదనంగా పెట్టుకోవడం మేలు.

యాప్ దేనికి పనికొస్తుంది

ఇంతవరకూ చదివితే నేను యాప్‌లకు వ్యతిరేకినని అనిపించవచ్చు. కాదు. యాప్ బాగా చేసే పని ఒకటుంది, బ్లూటూత్ మీటర్ నుంచి అంకెనూ వేళనూ మనిషి చేయి తగలకుండా లాక్కోవడం. ఇది చిన్న విషయం కాదు. 1984లో అమెరికాలో కొందరు రోగులకు, రీడింగులను దాచుకునే చిప్ ఉన్న మీటర్లను ఆ సంగతి చెప్పకుండా ఇచ్చారు. వాళ్లు నోట్‌బుక్‌లో రాసిన అంకెలతో చిప్‌ను సరిపోల్చితే చాలాచోట్ల పొసగలేదు. ఎక్కువ వచ్చినవి తగ్గించి రాశారు, చూడనివీ చూసినట్టు రాశారు. చిప్ ఉందని తెలిశాక రాతలు సరిగ్గా వచ్చాయి. ఇందులో రోగులను తప్పుపట్టేముందు, ఎక్కువ అంకె చూసి ‘ఏం తిన్నారేంటి?’ అని గద్దించే డాక్టర్లనూ ఇంట్లోవాళ్లనూ తలుచుకోవాలి. ఆ గద్దింపు ఉన్నంతకాలం నోట్‌బుక్‌లో అంకెలు మర్యాదగానే ఉంటాయి.

అలా లాక్కున్న అంకెలు ఎవరి సొత్తు అన్నది తర్వాతి ప్రశ్న. వియన్నాలో 2012లో మొదలైన మైషుగర్ యాప్‌ను 2017లో రోష్ కంపెనీ కొనేసింది. మన దేశంలో బీటో లాంటివి మీటర్‌తో పాటే యాప్‌ను ఇస్తాయి. కంపెనీలు చేతులు మారతాయి, యాప్‌లు మూతపడతాయి, నిన్న ఉచితమైనది రేపు చందా అడుగుతుంది. కాబట్టి కొత్త యాప్ వేసుకున్న మొదటి వారంలోనే నేను చూడమనేది ఒక్కటే: డేటాను సీఎస్‌వీ ఫైలుగా బయటికి తీయనిస్తుందా? తీయనిస్తే నెలకోసారి తీసి పక్కన పెట్టుకోవచ్చు, ఆ ఫైలు ఏ షీటులోనైనా తెరుచుకుంటుంది. అందమైన పీడీఎఫ్ మాత్రమే ఇస్తే అది డాక్టర్‌కు చూపించడానికే తప్ప లెక్కకు పనికిరాదు. గోప్యత సంగతికొస్తే, 2016లో 211 ఆండ్రాయిడ్ షుగర్ యాప్‌లను పరిశీలించిన అధ్యయనంలో 81 శాతం యాప్‌లకు అసలు గోప్యతా విధానమే లేదు. మనకు 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. అయినా కాంటాక్టులు, లొకేషన్ అడిగే షుగర్ యాప్‌ను ఎందుకయ్యా అని నిలదీయాల్సిందే.

ఇన్సులిన్ డోసు లెక్కకట్టే యాప్‌ల దగ్గర మాత్రం ఆగాలి. 2015లో 46 డోసు యాప్‌లను పరీక్షిస్తే మూడింట రెండు వంతుల్లో తప్పు డోసు చూపించే ప్రమాదం కనిపించింది. పదింట తొమ్మిదింటికి, లోపలికి కొట్టిన అంకె అర్థవంతమైనదో కాదో సరిచూసే ఏర్పాటే లేదు. 7.8 కొట్టాల్సినచోట 78 పడినా అడగవు. డాక్టర్ సూచించి, అంకెలు సరిచేసి ఇచ్చినది తప్ప మిగతావి ఫోన్‌లో ఉంచుకోకపోవడమే క్షేమం. సొంత షీటులో డోసు సూత్రం రాసుకోవడానికీ ఇదే మాట. ఇక వేలు గుచ్చకుండా షుగర్ చెబుతామనే వాచీలు, ఉంగరాలు: వాటిని నమ్మవద్దని, తను అలాంటి దేన్నీ ఆమోదించలేదని అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది.

చేతికి అతికించే సెన్సర్

రోజుకు రెండు అంకెల నుంచి రోజుకు వందల అంకెలకు తీసుకెళ్లేది సీజీఎం, అంటే చేతికో పొట్టకో అతికించుకునే సెన్సర్. రెండు వారాల పాటు కొన్ని నిమిషాలకోసారి ఫోన్‌కు అంకె పంపిస్తుంది. ఇది షీటులో ఇమడదు అనుకుంటాం గానీ చరిత్రలో ఒక సరదా సంగతి ఉంది. 2013లో న్యూయార్క్ రాష్ట్రంలో జాన్ కాస్టిక్ అనే ఇంజినీరు, టైప్ 1 ఉన్న తన చిన్న కొడుకు సెన్సర్ రీడింగులను ఆఫీసు నుంచి చూడలేకపోతున్నానని సొంతంగా కోడ్ రాసి, వాటిని గూగుల్ స్ప్రెడ్‌షీటులోకి పంపించాడు. దాని చుట్టూ చేరిన తల్లిదండ్రులూ ప్రోగ్రామర్లూ కలిసి నైట్‌స్కౌట్ అనే ఉచిత వ్యవస్థను నిర్మించారు. ఇవాళ కంపెనీల యాప్‌లలో ‘ఇంట్లోవాళ్లకు పంచు’ అన్న మీట మామూలైపోయింది.

సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని. చక్కెర రక్తంలోంచి అక్కడికి చేరడానికి ఐదు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. షుగర్ వేగంగా పెరుగుతున్నప్పుడూ పడుతున్నప్పుడూ మీటరూ సెన్సరూ పోట్లాడుకునేది అందుకే. సెన్సర్ ఉన్న చేయి మీద ఒరిగి పడుకుంటే ఆ చోట నొక్కుకుపోయి అర్ధరాత్రి 55 అని అలారం మోగవచ్చు. పక్కకు తిరిగితే గీత దానంతటదే పైకి లేస్తుంది. ఒంట్లో లక్షణాలకూ తెర మీది అంకెకూ పొంతన లేకపోతే వేలు గుచ్చి చూడాలి. అలారం అసలు మోగకపోవడం ఇంకో ప్రమాదం. ఫోన్ సాఫ్ట్‌వేర్ మారాకో, ‘డు నాట్ డిస్టర్బ్’ పెట్టాకో, ఇయర్‌ఫోన్స్ తగిలించాకో అలారాలు వినపడకుండా పోయిన ఫిర్యాదుల మీద 2025 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది.

సెన్సర్ వచ్చాక చూడాల్సిన కొలతే మారింది. 2019లో అంతర్జాతీయ నిపుణులు కుదుర్చుకున్న లెక్క ప్రకారం చాలామంది పెద్దవాళ్లకు రోజులో 70 శాతం పైన సమయం షుగర్ 70 నుంచి 180 మధ్య ఉండాలి. 70 కంటే కింద 4 శాతం లోపు, అంటే రోజుకు గంట లోపు. వయసు మళ్లినవాళ్లకూ, లో షుగర్ వస్తే ప్రమాదం ఎక్కువున్నవాళ్లకూ సడలింపు ఉంది: మధ్యలో సగం సమయం ఉన్నా చాలు, కింద మాత్రం 1 శాతం దాటకూడదు. డెబ్భై ఎనిమిదేళ్ల తాతగారి యాప్‌లో ముప్పై ఏళ్లవాళ్ల లక్ష్యం పెట్టి, ఎర్ర రంగు వచ్చినప్పుడల్లా ఆయన్ను కంగారుపెట్టే మనవలు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి. ఈ శాతాలను నమ్మాలంటే కనీసం 14 రోజుల్లో 70 శాతం సమయానికి డేటా ఉండాలి. మూడు రోజులు పెట్టుకుని పీకేసిన సెన్సర్ మీద లెక్కలు కట్టకూడదు.

యాప్‌లో జీఎంఐ అని ఇంకో శాతం కనిపిస్తుంది. అది సెన్సర్ సగటు నుంచి కట్టిన హెచ్‌బీఏ1సీ అంచనా. 0.02392తో గుణించి 3.31 కలుపుతారు. సగటు 180 అయితే 7.6 వస్తుంది. మొదట చూసిన పాత సూత్రంలో అదే 180 హెచ్‌బీఏ1సీ 7.9కి సమానం. సగటు ఒకటే, సూత్రాలు రెండు, శాతాలు రెండు. ‘యాప్‌లో 7.6 ఉంటే ల్యాబ్‌లో 7.9 ఎందుకొచ్చింది’ అన్న తగువు ఇక్కడితో తీరిపోవాలి.

నెలల తరబడి సెన్సర్ అందరికీ అక్కర్లేదు. అది మాటల్లో తేలే ఖర్చు కాదు కూడా. ఇన్సులిన్ వాడేవాళ్లకు, లో షుగర్ వచ్చినా తెలియనివాళ్లకు అది ప్రాణాధారం. మాత్రల మీద నిలకడగా ఉన్నవాళ్లకు మందు మారినప్పుడో, హెచ్‌బీఏ1సీ అర్థం కానప్పుడో ఒక్క సెన్సరో, పైన చెప్పిన పద్నాలుగు స్ట్రిప్‌ల వారాలు రెండో మూడో చాలు. లో షుగర్ తెచ్చే మందులు వాడకుండా అదుపులో ఉన్నవాళ్లయితే, రోజూ చూసుకోవాలా వద్దా అని డాక్టర్‌నే అడగడం మంచిది. ఒక్క సందర్భానికి మాత్రం షీటుతో పని లేదు. చెమటలు పట్టి, చేతులు వణికి, మీటర్ 70 లోపు చూపిస్తే ముందు 15 గ్రాముల గ్లూకోజో మూడు చెంచాల పంచదారో నీళ్లలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాలకు మళ్లీ చూసి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రాసుకోవడం తర్వాత.

డాక్టర్ దగ్గర మనకు దొరికేది ఐదు నిమిషాలు. మూడు నెలల యాప్ ఫోన్‌లో తెరిచి, వేలితో పైకీ కిందికీ జరుపుతూ చూపిస్తే ఆ ఐదూ అక్కడే అయిపోతాయి. చివరి రెండు వారాల జంట రీడింగులు ఒక పేజీలో ప్రింటు తీసి, 70 లోపు వచ్చినవాటి చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, పైన ఒక్క ప్రశ్న రాసుకుని వెళ్లడం మేలు: ‘రాత్రి భోజనం తర్వాతే ఎందుకు పెరుగుతోంది?’ అని. మీటర్ కూడా వెంట తీసుకెళ్లాలి, దాని గడియారం ముందే సరిచూసుకుని. బ్యాటరీ మార్చినప్పుడు చాలా మీటర్లలో తేదీ, వేళ మొదటికొస్తాయి, ఎవరూ గమనించరు. అప్పుడు ఉదయం ఫాస్టింగులన్నీ మధ్యాహ్నం వేళకు నమోదై, బ్లూటూత్ మీదుగా అలాగే యాప్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి అలాగే డాక్టర్ బల్ల మీదికి వస్తాయి.